రాజు పేరు లేని నాణెం ఏ పేజీలో ఉంటుంది?

శాతవాహన నాణేల మీద పని చేసేవాళ్లు ఇప్పటికీ తిరగెయ్యక తప్పని పుస్తకం 1908లో బ్రిటిష్ మ్యూజియం వేసిన ర్యాప్సన్ కేటలాగు. కానీ లైబ్రరీ కంప్యూటర్‌లో పుస్తకం పేరు అడిగే చోట ‘శాతవాహన’ అని కొడితే అది రాదు. ఆ పుస్తకం పేరులో శాతవాహన అన్న మాటే లేదు మరి. ఆంధ్ర వంశం, పశ్చిమ క్షత్రపులు, త్రైకూటకులు, ‘బోధి’ వంశం అని ఉంటుంది. ఈ రాజుల్ని పురాణాలు ఆంధ్రులన్నాయి, శాసనాలు శాతవాహనులన్నాయి. ర్యాప్సన్ నాటికి పండితుల నోట ఆడుతున్నది మొదటి పేరే. వందేళ్లు దాటినా పుస్తకం అట్ట మీది మాట మారదు, మారింది మన వాడుక.

అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియట్ దక్షిణ భారత నాణేల మీద రాసిన పుస్తకానిది ఇంకో చిక్కు. అది ‘ఇంటర్నేషనల్ న్యూమిస్మాటా ఓరియెంటాలియా’ అనే గ్రంథమాలలో మూడో సంపుటం రెండో భాగంగా వచ్చింది. సంపుటాన్ని మొత్తంగా బైండు చేయించిన లైబ్రరీలో గ్రంథమాల పేరుతో ఒక్క కార్డే రాసి ఉంటే, ఇలియట్ పేరుతో ఎంత వెతికినా ఫలితం ఉండదు. పుస్తకం మాత్రం అదే గదిలో, అదే బీరువాలో ఉంటుంది.

మాటల గొడవ నాణేల విషయంలో మరీ ఎక్కువ. మనం వరహా అనేదాన్ని ఇంగ్లీషు కేటలాగులన్నీ పగోడా అంటాయి. పగోడా అని కొడితే సగం ఫలితాలు బర్మా గుళ్ల మీద వస్తాయి. వరాహ అని కొడితే దశావతారాల్లో మూడోది వస్తుంది. గద్యాణం, హొన్ను కూడా అదే నాణేనికి పేర్లు. పణం అన్నది ఇంగ్లీషులో ఫనం అయింది. విజయనగరానికి ఇంగ్లీషులో కనీసం మూడు వర్ణక్రమాలున్నాయి. అవన్నీ ఒకసారి కాగితం మీద రాసుకుని వెతకడం మొదలుపెడితే గంట పని పది నిమిషాల్లో అయిపోతుంది.

తెలుగు లిపిలో వెతికేటప్పుడు జాగ్రత్త ఇంకొంచెం పెరగాలి. నాణెం, నాణెము, నాణెములు, నాణేలు, నాణ్యములు అన్నీ పాత పుస్తకాల పేర్లలో కనిపించేవే. ‘ణె’కీ ‘ణే’కీ కంప్యూటర్ దృష్టిలో సంబంధం లేదు. కాబట్టి పూర్తి మాట కొట్టకుండా ‘నాణ’ దగ్గర ఆపి నక్షత్రం గుర్తు పెట్టడం మేలు. విదేశీ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, అక్షరాల కింద చుక్కలతో, మీద గీతలతో ఉంటాయి. చాలా కేటలాగులు ఆ చుక్కలు లేకుండా కొట్టినా పట్టుకుంటాయి. స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పుస్తకాల సంగతి వేరు. ఆ పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేసినవి. అక్కడ పుస్తకం పేరు కంటే రచయిత ఇంటిపేరో, ప్రచురణ సంవత్సరమో పట్టుకుని వెళ్తే దొరికే అవకాశం ఎక్కువ.

అల్మరాల మధ్య నడిచి వెతికేవాళ్లకు, పుస్తకాల్ని విషయాల వారీగా సర్దే డ్యూయీ సంఖ్యలు తెలిసి ఉండాలి. నాణేల శాస్త్రం 737లో, అందులో నాణేలు 737.4లో ఉంటాయి. అదే నాణెం గురించి ఆర్థిక చరిత్రకారుడు రాస్తే పుస్తకం 332.4కి, అంటే డబ్బు అనే శీర్షిక కిందికి పోతుంది. రాజవంశ చరిత్రలో అనుబంధంగా వస్తే 954లో ఎక్కడో ఉంటుంది. మట్టిపాత్రలు 738, లోహపు పని 739, ఆభరణాలూ దుస్తులూ 391. మధ్యయుగపు ఇంటిలో ఒకే గదిలో ఉన్న సామాను లైబ్రరీకి వచ్చేసరికి అరడజను చోట్లకు చెదిరిపోతుందన్నమాట.

అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ పద్ధతి పాటించే చోట నాణేలకు సీజే అనే వర్గం ఉంది. విషయ శీర్షిక ‘కాయిన్స్, ఇండిక్’ అని తిరగేసి రాస్తారు. ‘ఇండియన్ కాయిన్స్’ అని ఎవరికైనా తోచేదే కానీ, శీర్షికల జాబితాలో వెతికితే ఆ వరసలో రాదు. ఇంటి సామాను ‘ఇంప్లిమెంట్స్, యుటెన్సిల్స్, ఎట్సెటరా’ అనే శీర్షిక కిందికి వస్తుంది. చివర ‘వగైరా’ అని ఉన్న విషయ శీర్షికను చూస్తే ఆ వస్తువులకు ఎంత మర్యాద దక్కిందో తెలుస్తుంది. వీటిని బట్టీ పట్టనక్కర్లేదు. పనికొచ్చే పుస్తకం ఒక్కటి తెలిసినా చాలు. దాని పూర్తి వివరాల పేజీ తెరిచి, అక్కడున్న విషయ శీర్షిక మీదా, వర్గసంఖ్య మీదా నొక్కితే దాని చుట్టాలన్నీ బయటికొస్తాయి.

ఇంతా చేసి లైబ్రరీ కేటలాగు చూపించేది కొద్దిపాటే. నాణేల మీద పరిశోధనలో ఎక్కువ భాగం పుస్తకాల్లో లేదు, రెండు మూడు పేజీల చిన్న వ్యాసాల్లో ఉంది. న్యూమిస్మాటిక్ సొసైటీ ఆఫ్ ఇండియా 1910లో పుట్టింది, దాని పత్రిక 1939 నుంచి వస్తోంది. నాసిక్ దగ్గర ఆంజనేరిలోని పరిశోధన సంస్థకు ‘న్యూమిస్మాటిక్ డైజెస్ట్’ ఉంది. లైబ్రరీ లెక్కలో ఇవి ఒక్కో పత్రిక, ఒక్కో నమోదు. లోపల ఏ సంచికలో ఏ ఊరి నాణేల గురించి రాశారో కేటలాగుకు తెలియదు. ఆ లోటును కొంతవరకు తీర్చింది అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ 1947లో మొదలుపెట్టిన ‘న్యూమిస్మాటిక్ లిటరేచర్’ అనే వ్యాసాల సూచిక. మన దేశంలో ఏ ఏడాది ఏ ఊళ్లో ఏం దొరికిందో తెలియాలంటే కేంద్ర పురావస్తు శాఖ 1953–54 నుంచి వేస్తున్న వార్షిక సమీక్ష చూడాలి. అందులో నాణేలకూ నిధినిక్షేపాలకూ విడిగా ఒక అధ్యాయం ఉంటుంది.

ఊరు దొరికినా జిల్లా తప్పొచ్చు. శాతవాహన నాణేలు దొరికిన పెద్దబంకూరు, కోటిలింగాల పాత నివేదికలన్నిటిలో కరీంనగర్ జిల్లా. జిల్లాల్ని తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో విడగొట్టారు. ఇప్పుడు పెద్దబంకూరు పెద్దపల్లిలో, కోటిలింగాల జగిత్యాలలో ఉన్నాయి. కొత్త జిల్లా పేరుతో వెతికితే యాభై ఏళ్ల సాహిత్యం కనపడదు. పాత తాలూకా పేరు కూడా రాసుకోవాలి.

ఇక నాణేల కేటలాగు సంగతి. అందులో ఒక నమోదు ఎలా ఉంటుందో కృష్ణదేవరాయల బంగారు వరహాతో చూద్దాం. లోహం: బంగారం. బరువు: 3.38 గ్రాములు. అడ్డం: 12 మిల్లీమీటర్లు. ముందు వైపు: కూర్చున్న బాలకృష్ణుడు, చేతిలో వెన్నముద్ద. వెనుక వైపు: నాగరి లిపిలో మూడు వరసలు, ‘శ్రీ ప్ర / తాప కృ / ష్ణ రాయ’. తర్వాత అచ్చుల దిశ (ముందు బొమ్మకు వెనుక బొమ్మ ఎటు తిరిగి ఉందో), దొరికిన చోటు, మ్యూజియంలో చేరిన నంబరు, ఇంతకుముందు అచ్చయిన కేటలాగుల్లో దీని సంఖ్య. చూడ్డానికి తేలిగ్గా ఉన్న ఈ వరసలో ప్రతి గడిలోనూ ఒక తప్పుకు చోటుంది.

అక్షరాల దగ్గరే మొదలుపెట్టవచ్చు. అచ్చు నాణెం కంటే పెద్దది. నాణేలు కొట్టే కమ్మటంలో దెబ్బ కొంచెం పక్కకు పడితే ఒక వరస సగం బయటికి పోతుంది. అంచున కనిపించని అక్షరాల్ని చదరపు బ్రాకెట్లలో రాయడం నియమం. పాత కేటలాగుల్లో కొందరు ఆ బ్రాకెట్లు పెట్టలేదు. తెలిసిన పాఠాన్ని మొత్తం రాసేశారు. ఆ నాణెం మీద నిజంగా ఏ అక్షరాలు ఉన్నాయో తెలియాలంటే బొమ్మ చూడక తప్పదు. ఆ బొమ్మ కూడా చాలాసార్లు నాణేనిది కాదు, దాని మీంచి తీసిన ప్లాస్టర్ అచ్చుకు తీసిన ఫొటో. లోహం మెరుపు ఫొటోకు అడ్డం కాబట్టి ఆ రోజుల్లో అలా చేసేవారు. గీతలు బాగా కనిపిస్తాయి. రంగు, చిలుము, అతుకు వంటివేవీ కనిపించవు. బంగారు పూత పూసిన నకిలీ, అసలు వరహా ఆ ఫొటోలో ఒకేలా ఉంటాయి.

బొమ్మను గుర్తుపట్టడం ఇంకో తలనొప్పి. కృష్ణరాయల వరహా మీద కూర్చున్న మూర్తిని దుర్గ అనుకున్నవాళ్లు ఉన్నారు. పాత పుస్తకాల్లో ‘దుర్గి పగోడా’ అనే పేరు అందుకే తగులుతుంది. ఉదయగిరిని 1514లో గెలిచి అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి రాయలు హంపిలో ప్రతిష్ఠించిన సంగతి శాసనంలో ఉంది. దాన్ని బట్టీ, చేతిలోని ముద్దను బట్టీ ఇప్పుడు బాలకృష్ణుడనే అంటున్నారు. పాత కేటలాగులో దుర్గ దగ్గరా, కొత్తదానిలో కృష్ణుడి దగ్గరా ఉన్నది ఒకటే రకం. రెండు రకాలుగా లెక్కేసినవాడు రాయల నాణేల సంఖ్యను పెంచేసినట్టే.

పాత కొలతలు గ్రెయిన్లలో, అంగుళాల్లో ఉంటాయి. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. 52 గ్రెయిన్ల వరహా అంటే 3.37 గ్రాములు. ఈ లెక్క కట్టేటప్పుడు దశాంశాలు పెంచుకుంటూ పోవడం పెద్ద పొరపాటు. అరగ్రెయిన్ వరకే తూచినదాన్ని 3.3696 గ్రాములని రాస్తే, లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది.

బరువు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ మాట ఒకటుంది. వరహాలో సగం ప్రతాప, ప్రతాపలో పదో వంతు పణం, పణంలో ఆరో వంతు వెండి తార, తారలో మూడో వంతు రాగి జీతల్ అని అతను వరసగా చెప్పాడు. ఆ లెక్కన వరహాకు 20 పణాలు. ప్రతాప 1.7 గ్రాములు కాబట్టి పణం 0.17 గ్రాములుండాలి. చేతికి దొరుకుతున్న పణాలు మాత్రం 0.35 గ్రాములకు అటూ ఇటూగా ఉన్నాయి, అంటే వరహాలో పదో వంతు. రజాక్ పొరబడ్డాడని తేల్చేయడం సులువే. కానీ ఈ నాణేలన్నీ కల్తీ కలిపిన బంగారంతో చేసినవని కూడా అతనే అన్నాడు. పణంలో బంగారం సగమే ఉంటే, బరువు పదో వంతయినా విలువ ఇరవయ్యో వంతే అవుతుంది. అంటే తూకం ఒక్కటే చాలదు, మచ్చు, అంటే అందులో బంగారం ఎన్ని పాళ్లుందో కూడా తెలియాలి.

నాణేన్ని గీయకుండా, కరిగించకుండా మచ్చు తెలుసుకునే పాత ఉపాయం నీటి తూకం. గాలిలో తూచి, సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచాలి. మొదటి బరువును తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. బంగారం 19.3, వెండి 10.5, రాగి దాదాపు 9. పై వరహా నీళ్లలో 0.193 గ్రాములు తగ్గితే సాంద్రత 17.5. కలిసింది రాగి అయితే బంగారం 91 శాతం, వెండి అయితే 88 శాతం. ఏది కలిసిందో తూకం చెప్పదు. పైగా 0.01 గ్రాము వరకే చూపించే త్రాసులో ఆ 0.193 అన్నది 0.19గానో 0.20గానో కనిపిస్తుంది. ఆ ఒక్క అంకె తేడాకు, రాగి కలిసిందనుకున్నా, బంగారం 93 శాతం నుంచి 88 శాతానికి దిగుతుంది.

పణం దగ్గరకొస్తే ఆ త్రాసు ఎందుకూ కొరగాదు. 0.35 గ్రాముల పణంలో బంగారం 90 శాతం ఉంటే నీళ్లలో 0.020 తగ్గుతుంది, సగమే ఉండి మిగతాది రాగి అయితే 0.029 తగ్గుతుంది. నగల దుకాణాల్లో వాడే 0.001 గ్రాము త్రాసు ఉంటేనే ఈ తేడా పట్టుబడుతుంది. నీళ్లలో నాణేనికి అంటుకున్న ఒక్క గాలి బుడగ ఆ తేడాను తారుమారు చేయగలదు. అందుకే కాచి చల్లార్చిన నీళ్లు వాడి, అందులో ఒక చుక్క సబ్బుద్రవం వేస్తారు. పణాలు ఒకే రకానివి పది ఉంటే కలిపి తూచడం ఇంకా మంచిది. ఎక్స్‌రే యంత్రంతో చూసినా పైపొర సంగతే తెలుస్తుంది. భూమిలో పాతుకుపోయిన నాణెం పైపొరలోంచి రాగి కరిగిపోయి బంగారం పాలు ఎక్కువగా కనిపిస్తుంది. కేటలాగులో మచ్చు రాసినప్పుడు ఏ పద్ధతిలో కట్టిందీ పక్కనే లేకపోతే ఆ సంఖ్యను వాడకపోవడమే నయం.

కొలిచేముందు నాణేన్ని శుభ్రం చేయాలన్న తొందరే ఎక్కువ నష్టం చేస్తుంది. చింతపండు, నిమ్మకాయ రాగి నాణెం మీది చిలుముతో పాటు అందులో మిగిలిన అక్షరాల గీతల్నీ తినేస్తాయి. శాతవాహనుల సీసపు నాణేలకు చెక్క సొరుగే శత్రువు. చెక్కలోంచి, చౌకరకం అట్టలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడిబారి రాలిపోతుంది. పీవీసీ కవర్లలో పెట్టిన రాగి నాణెం మీద జిగట పచ్చదనం చేరుతుంది. కేటలాగు ముద్రించేనాటికి స్పష్టంగా ఉన్న అక్షరం ముప్పై ఏళ్ల తర్వాత ట్రేలో కనిపించకపోవడానికి కారణాలు ఎక్కువగా ఇవే.

ఇంతవరకు చెప్పిన తప్పులన్నీ దిద్దుకోదగ్గవే. దిద్దుకోలేనిది అసలు కేటలాగు అమరికలో ఉంది. రాజవంశం, దాని కింద రాజు, రాజు కింద రకం అనే ఈ మెట్లు పేరు చెక్కిన నాణేలకు సరిపోతాయి. పేరు లేని రాగి కాసులన్నీ చివరి పేజీల్లో ‘గుర్తించనివి’ అనే చోట పడతాయి. సంతలో రోజూ చేతులు మారింది ఆ కాసులే. పేరున్న నాణెం కూడా ఆ రాజు కాలానిదే కానక్కర్లేదు. జనం నమ్మిన వరహాను తర్వాతివాళ్లు అదే బొమ్మతో కొట్టించారు. వేంకటేశ్వరుడు దేవేరులతో ఉన్న ‘మూడు స్వాముల’ వరహాను మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కూడా కొట్టించింది. దాన్ని ఏ రాజు కింద రాస్తారు?

దొరికిన చోటు తెలిస్తే ఈ చిక్కులు చాలావరకు విడిపోతాయి. ఒకే కుండలో ఏవేవి కలిసి ఉన్నాయో, ఏది ఎక్కువ అరిగిందో చూసి పేరులేని కాసుకు కాలం కట్టవచ్చు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన విలువైనది ఏది దొరికినా, ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అనేది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. అంటే నాలుగు సంగతులూ నమోదయ్యే ఏర్పాటు మొదట్నుంచీ ఉంది. కానీ మ్యూజియానికి చేరాక నాణేల్ని రాజుల వారీగా ట్రేల్లో సర్దారు. ఒకే రకంవి ఎక్కువుంటే వేరే మ్యూజియాలకు పంచారు. కుండ విడిపోయింది. దాన్ని మళ్లీ కాగితం మీద పోగుచేయాలంటే కేటలాగు చాలదు. మ్యూజియం చేరిక రిజిస్టరు చూడాలి. అందులో ఒకే తేదీన, వరస నంబర్లతో చేరినవాటిని పట్టుకుంటే సగం పని అయినట్టే.

వాడుక వస్తువులకు ఆ రిజిస్టరు దన్ను కూడా తక్కువే. లండన్ మ్యూజియం 1940లోనే మధ్యయుగపు కత్తులు, తాళంచెవులు, బకిల్స్ వంటివాటికి వస్తువుల వారీగా కేటలాగు వేసింది. థేమ్స్ ఒడ్డున చెత్తపోసి పూడ్చిన పొరల్లో నాణేలతో, దుంగల వలయాలతో కాలం కట్టి ఆ తర్వాతి సంపుటాలు వచ్చాయి. అక్కడ నాణెం చెప్పేది ఒక్కటే: ఈ పొర నాకంటే ముందుది కాదు. ఎంత తర్వాతిదో చెప్పదు, ఎందుకంటే నాణెం చాలా ఏళ్లు చలామణీలో ఉంటుంది. హంపిలో 1565 (తళ్లికోట యుద్ధం) అనే గీత ఉంది గానీ, ఆ తర్వాత అక్కడ మనుషులే లేరనుకోకూడదు.

హంపి కుండల మీద గట్టి పని 1980లో ఫ్రిట్జ్, మిచెల్ వంటి పరిశోధకుల సర్వే మొదలయ్యాకే వచ్చింది. కార్లా సినోపోలి 1993లో అచ్చువేసిన అధ్యయనం పెద్దల నివాసాలున్న పేటలో దొరికిన మట్టిపాత్రల్ని రాజుల వారీగా కాక ఆకారాన్ని, నోటి కొలతను, వాడకాన్ని బట్టి వేరుచేసింది. కుండపెంకు నుంచి నోటి కొలత తీయడానికి వృత్తాలు గీసిన అట్ట వాడతారు, అంచు ఏ వృత్తానికి సరిగ్గా అతుకుతుందో చూస్తారు. 20 సెంటీమీటర్ల నోరున్న కుండ అంచు చుట్టూ 63 సెంటీమీటర్లుంటుంది. 3 సెంటీమీటర్ల ముక్క అంటే అందులో 5 శాతమే. అది 16 వృత్తానికీ అతుకుతుంది, 24కీ అతుకుతుంది. అంత చిన్న ముక్కల్ని కొలతల పట్టికలోకి ఎక్కించకూడదు.

పేర్ల విషయంలో మాత్రం తెలుగువాళ్ల దగ్గర వేరేవాళ్లకు లేని సరుకు ఉంది. ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు ఏమేం వడ్డించేవారో క్రీడాభిరామం చెబుతుంది. ఇలాంటివన్నీ కావ్యాల్లోంచి ఏరి సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. అది లైబ్రరీలో చరిత్ర అల్మరాలో ఉంటుంది, నాణేల కేటలాగు 737లో ఉంటుంది. ట్రేలోని ఏ బిళ్లను చూపించి ఇదే ఆ రూక అనాలో రెండింటిలో ఏదీ చెప్పదు. తవ్వకాల నివేదికలో ‘బౌల్’ అని ఒక్కమాటలో పోయేది మన ఇంట్లో చట్టి, మూకుడు, గురిగి, ప్రమిద అని నాలుగు వేరు పనులకు వేరు పాత్రలు. మూకుడు అడుగున మసి ఉంటుంది. ప్రమిదకు మసి వత్తి ఆనే అంచు దగ్గరే ఉంటుంది. రిజిస్టరులో మసి ఎక్కడుందో రాసే గడి ఒకటి, స్థానికుల నోట వస్తువుకున్న పేరును తెలుగు లిపిలోనే రాసే గడి ఒకటి పెడితే, తర్వాత వచ్చే కేటలాగుకు ఆ బౌల్‌ను విడదీసే ఆధారం దొరుకుతుంది. పెంకును కడిగాక మొదటి గడి నింపడం కుదరదు.